‘జెర దూరమే’ అన్నాడు యాదయ్య

గత ఏడాది ఆగస్టు నెల. సికింద్రాబాద్‌లో మౌలాలి గుట్ట కింద మా వర్క్‌షాపు. కాలు పోయినవాళ్లకు కృత్రిమ కాళ్లు తయారుచేయడం ఇరవై ఆరేళ్లుగా నా వృత్తి. మాది గోదావరి జిల్లా, వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నా పని నాకు బాగా వచ్చునని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఒక రోజంతా పరీక్ష పెట్టినవాడు యాదయ్య.

యాదయ్య నల్లమలలో ఫైర్ వాచర్. అంటే అడవిలో నిప్పు ఎక్కడ రాజుకుంటుందో తిరిగి చూసే మనిషి. అంతకుముందు ఏడాది వేసవిలో కార్చిచ్చు ఆర్పుతుండగా సగం కాలిన టేకు చెట్టు అతని మీద పడింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నేను చేసిన కాలితో మా వర్క్‌షాపులో చక్కగానే నడిచాడు. కానీ వాళ్ల రేంజ్ ఆఫీసర్ ఒక షరతు పెట్టాడు. యాదయ్య తన బీట్, అంటే కాపలా తిరిగే దారి, పొద్దుగూకేలోపు ఒక్కసారి మొత్తం తిరిగి చూపించాలి. లేకపోతే చెక్‌పోస్టు దగ్గర గేటు ఎత్తే పనే.

"గేటు కాడ కూసోబెడితే నేను పిచ్చోన్నయిత మేడం. ఇప్పటికే ఇంట్ల కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్న. మీరు సుత జెర రండి" అన్నాడు.

"ఎంత దూరం నడవాలి?" అని అడిగాను.

"జెర దూరమే."

కొంచెమేనన్న ఆ మాట నమ్మడమే నా తప్పు. కోసేశాక మిగిలిన కాలి ముక్క దూరే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటాం. నడిచేకొద్దీ లోపలి కాలు కాస్త చిక్కి సాకెట్ వదులవుతుంది. అప్పుడు స్టంప్ సాక్స్, అంటే కుట్టు లేని మేజోళ్లు, ఒకటొకటిగా అదనంగా తొడగాలి. వదులుగానే నడిస్తే చర్మం ఒరుసుకుపోయి, మళ్లీ కాలు పెట్టుకోవడానికి వారాలు పడుతుంది. ఊళ్లో తిరిగే మనిషికి రోజుకు రెండు చాలు. నేను సరిగ్గా రెండే సంచిలో వేసుకున్నాను.

తెల్లవారగానే చెక్‌పోస్టు దగ్గర నుంచి బయలుదేరాం. ఆ వేసవిలోనూ కాలి బొగ్గులైన మానుల మధ్య నడుమెత్తు గడ్డి. కాలిన తునికి మొదళ్ల చుట్టూ ఎర్రటి లేత చిగుళ్లు. యాదయ్య కర్రతో నేలను తట్టుకుంటూ ముందు నడిచాడు.

"నేను అడుగేసిన కాడనే అడుగెయ్యండి మేడం. ఏర్లు లోపల్లోపలే కాలిపోయి గుంతలైనయ్. పైకి కనబడవ్."

"చూశావా యాదయ్యా, మోళ్లన్నీ ఎలా చిగురించాయో!" అన్నాను కాస్త కవిత్వం పుట్టి.

"అడవి చిగురేస్తది మేడం. కాలు చిగురెయ్యదు. అందుకే గదా మీ కాడికొచ్చిన."

అతని అడుగుల్లోనే అడుగులేస్తూ నడిచాను.

మధ్యాహ్నానికే రెండు మేజోళ్లూ అయిపోయాయి. వాగు దిగుతుంటే సాకెట్‌లో టప్‌మని చిన్న చప్పుడు. నేను మనుషుల నడక చూసేకంటే ఎక్కువ వింటాను.

"ఆగు!"

"ఏం గాలే మేడం, నడుస్త."

"ముందు కాలు ఇప్పు."

చర్మం అప్పటికే కందిపోయింది. ఇంకెంత దూరమని అడిగాను. "జెర..." అన్నాడు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నా కాలు నేను తీసుకుపోతా!" అని గట్టిగా కసిరాను. కోపం అతని మీద కాదు, రెండు మేజోళ్లతో అడవికి వచ్చిన నా తెలివి మీద.

అక్కడే బండ మీద కూర్చుని నా బూట్లు విప్పాను. నావి పొడుగాటి నూలు మేజోళ్లు. వేళ్ల దగ్గరున్న కుట్టు ఒరుసుకుంటుందని సంచిలోని కత్తెరతో అంతమేర కోసేసి, ఒకటి అతని కాలికి తొడిగాను. సాకెట్ బిగిసింది. రెండోది ఇంకో గంట తర్వాత అవసరమైంది.

"మరి మీకెట్ల మేడం?"

"నాకు రెండు కాళ్లున్నాయిలే, నువ్వు నడు."

గొప్పగా అన్నాను గానీ, ఒట్టి కాళ్లకు బూట్లు తొడిగితే ఏమవుతుందో కాళ్ల పని చేసే నాకు తెలియదా? చివరి గుట్ట దగ్గరికి వచ్చేసరికి రెండు మడమలూ పుండ్లయ్యాయి. నేను కుంటుతుంటే యాదయ్య ఆగి భుజం చూపించాడు. మొదట వద్దన్నాను. పది అడుగుల తర్వాత బుద్ధిగా పట్టుకున్నాను.

చెక్‌పోస్టు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. రేంజ్ ఆఫీసర్ మమ్మల్ని చూసి మొహం చిట్లించాడు.

"ఏంది మేడం, మీరు పట్టుకొని తీస్కొచ్చిండ్రా? అట్లయితే లెక్కకు రాదు గదా!"

యాదయ్య మొహం వాడిపోయింది. సంజాయిషీ చెప్పుకునే అలవాటు లేని మనిషి. నేను అతని భుజం వదిలి, బూట్లు విప్పి, నెత్తురు కారుతున్న మడమలు చూపించాను.

"నేను కాదండీ, ఆయనే నన్ను తీసుకొచ్చాడు."

ఆఫీసర్ నా మడమలు చూశాడు, యాదయ్య కాలు చూశాడు. "రేపటి సంది డ్యూటీకి రా" అన్నాడు.

అప్పటి నుంచి నేను ఎవరినీ ఎంత దూరం నడుస్తావని అడగడం లేదు. పొద్దున లేచింది మొదలు ఎక్కడెక్కడికి పోతావో, ఏం చేస్తావో చెప్పమంటాను, ఆ తర్వాతే కొలతలు తీస్తాను. మేం ప్రతి కాలినీ పేషెంటు బరువును బట్టి తయారుచేస్తాం. ఆ సాయంత్రం నేను చేసిన కాలు యాదయ్య బరువుతో పాటు, నా డెబ్బై రెండు కిలోల్లో సగానికి సగం మోసుకుంటూ గుట్ట దిగింది. గర్వంగానే ఉంది మరి, దాచుకోవడమెందుకు?