వామనగుంటల కంప్యూటరు

పెళ్లయిన రెండో ఏడు మా ఆయన నన్ను కంప్యూటరును చేశారు. అది డెబ్బై నాలుగో సంవత్సరం. అసలు కంప్యూటరును ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

మా ఆయన జాన్‌బాబు పామర్రులో రైసుమిల్లు గుమాస్తా. చదువు పి.యు.సి.తో ఆగిపోయింది. మిల్లు ధూళికి దగ్గు పట్టుకుంది. ఆ గుమాస్తా గదిలోనే ముసలివాణ్ణయిపోతానని ఆయన భయం. బెజవాడ పాత పుస్తకాల కొట్లో ప్రోగ్రామింగ్ పుస్తకం ఒకటి దొరికింది. ఇక చూడండి, అన్నం ముందు పెట్టినా తల ఎత్తితే ఒట్టు!

రాసిన ప్రోగ్రాం సరైనదో కాదో చెప్పడానికి మెషీన్ లేదు కదా. అందుకని నా వామనగుంటల పీట ముందు పెట్టి, "తెరేసా, నువ్వే మెషీన్‌వి. రాసింది రాసినట్టు చెయ్యి, నీ తెలివి వాడకు" అనేవారు. గుంటలు మెషీన్ జ్ఞాపకం, చింతపిక్కలు అంకెలు. మొదటి గుంటలోంచి ఒక పిక్క తియ్యి, రెండో దాంట్లో వెయ్యి, మళ్లీ మొదటికి రా. పొయ్యి మీద కూర మాడుతున్నా తీస్తూనే ఉండాలి. పిక్కలు అయిపోగానే "అయిందండీ" అనేదాన్ని. ఆయన మొహం వెలిగిపోయేది.

హైదరాబాదులో ఒక కంపెనీ ట్రెయినీలను తీసుకుంటామని పేపర్లో వేసింది. డిగ్రీ లేకపోయినా సరే, రాసి తెచ్చిన ప్రోగ్రాం వాళ్ల మెషీన్ మీద నడిస్తే చాలు. వయసు హద్దు ఆయనకు ఆ ఏడుతో సరి. పెళ్లినాటి చొక్కా తొడుక్కుని వెళ్లారు.

అక్కడి మెషీన్ గుంట ఖాళీ అయ్యాక కూడా తీస్తూనే ఉందట. సున్నా తర్వాత మైనస్ ఒకటి, మైనస్ రెండు... అంకెలు అచ్చయిన కాగితాలు నేల మీద గుట్టపడుతుంటే ఎవరో వచ్చి ఆపేశారు. ఎప్పుడు ఆగాలో ఆయన రాయనేలేదు. నేను ఆగిపోయేదాన్ని కదా, ఆ అవసరం ఎప్పుడొచ్చింది? తెలివి వాడకు అన్నారు గానీ, పిక్కలైపోతే ఆగడానికి తెలివెందుకు?

"కాలేజీ కుర్రాళ్లంతా మొదటి వారం ఇదే తప్పు చేస్తారండీ. మెషీన్ పక్కనే ఉంటుంది కాబట్టి సాయంత్రానికల్లా దిద్దుకుంటారు," అన్నారట అక్కడి ఆఫీసరు, మర్యాదగానే. మా ఆయనకు ఆ సాయంత్రం ఎవరిచ్చారు? నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఉద్యోగం రాలేదు.

ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే ఆయన మళ్లీ పీట తీశారు.

"ఈసారి ఖాళీ అయినా ఆగకు తెరేసా."

"లేని పిక్క ఎక్కణ్ణుంచి తియ్యనండీ?"

"తియ్యి."

పిక్కలు అయిపోయాయి. ఖాళీ గుంటలో వేళ్లు పెట్టి, ఏమీ లేని చేతిని పక్క గుంటలో విదిలించి, మళ్లీ మొదటికి వచ్చాను. ఆయన దగ్గుతూ చూస్తున్నారు. తెల్లారితే మళ్లీ మిల్లు. నేను తీస్తూనే ఉన్నాను. ఆపమని ఆయన అనలేదు.