వద్దన్న పెద్దమనిషి

అమెరికాలో క్యారీ అనే ఊరి నుంచి వాషింగ్టన్ వెళ్ళే రైలెక్కించడానికి నన్ను మా స్నేహితుడి కూతురు శ్రేయ తీసుకెళ్ళింది. అక్కడే పుట్టిన పిల్ల. ఇంట్లో బయల్దేరేముందు, "అంకుల్, లంచ్ ప్యాక్ చేయాలా? పులిహోర ఉంది" అంది.

"ఎందుకులేమ్మా" అన్నాను.

"ఓకే అంకుల్" అని కారు తాళాలు తీసుకుంది. మా బాపట్లలో "ఎందుకులే" అంటే ఇంకో రెండుసార్లు అడగమని అర్థం.

మధ్యాహ్నానికి కడుపులో ఎలుకలు పరుగులు పెడుతున్నాయి. పక్కసీటులోని తెల్లజుట్టు పెద్దావిడ, రిటైరైన హిస్టరీ టీచరట, డబ్బా తెరిచి, పీచ్ పండ్లు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం ముక్కొకటి నా ముందుకు చాపింది. అలవాటు కొద్దీ "నో, థాంక్యూ" అన్నాను. ఆవిడ చిన్నగా నవ్వి, తనే తినడం మొదలుపెట్టింది.

నేను పౌరశాస్త్రం మాస్టారినని చెప్పగానే తమ తొలి అధ్యక్షుడి కథ అందుకుంది. రెండుసార్లు పదవిలో ఉన్నాక, మూడోసారీ ఉండమంటే వద్దని, పొలం చూసుకోవడానికి ఇంటికి వెళ్ళిపోయాడట. దిగిపొమ్మనే నిబంధన అప్పటికి రాజ్యాంగంలోనే లేదట.

ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నాకు నమ్మకం కుదరని సంగతి అదొక్కటే. "వద్దన్నాక మళ్ళీ గట్టిగా అడగలేదా?" అన్నాను.

"వద్దన్నాడుగా! మళ్ళీ ఎందుకు అడుగుతారు?" అంది, ఆఖరి ముక్క నోట్లో పెట్టుకుంటూ.

వాళ్ళ రాజ్యాంగం ఎలా నిలబడిందో నాకప్పుడు అర్థమైంది. ఆ రోజు అక్కడ మా బాపట్లవాడు ఒక్కడున్నా, "అయ్యో, మొహమాటపడకండి" అని ఆయన్ని మరో రెండుసార్లు కూర్చోబెట్టేవాడు.