మిర్చి ఘాటే

మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఇప్పుడు యలమంద కూర్చుని ఉంటాడు. పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా ఆపి ఒకటే మాట చెబుతాడు: "లోపల ఘాటేస్తే నన్నడగొద్దు. ఎవర్నీ అడగొద్దు. లేచి అవతలికి పోండి." ఆడవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. మిరపకాయల కొట్టులో ఘాటెయ్యకపోతే మల్లెపూల వాసనొస్తుందా అని ఒకామె అనడం నేను విన్నాను. ఆయన నవ్వడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. నేర్చుకున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

నా పేరు ప్రేమ్‌చంద్. ఇక్కడ కాటా క్లర్కుని. లారీలు తూయించి చీటీలు రాస్తాను. గుంటూరు బైపాసు పక్కనున్న స్టోరేజీల్లో మాదొకటి. రైతులు దీన్ని ఏసీ అంటారు. "సరుకు ఏసీలో పెట్టాం" అంటే కల్లంలో ఎండిన కాయల్ని టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో కుక్కి మా గదుల్లో దాచారని అర్థం. లోపల చలి పుట్టించేది అమ్మోనియా గ్యాసు. పైపుల్లో తిరిగినంతసేపు దాని ఊసు ఎవరికీ పట్టదు. బయటికొచ్చిందా, తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు, చెమట పట్టిన చంకలు. మనిషంటే చాలావరకు తడే కదా.

ముప్పై ఏళ్ళు ఆ గ్యాసుని కాచింది యలమందే. నరసరావుపేట వైపు మనిషి. కుర్రతనంలో టిక్కీలు మోసే హమాలీగా వచ్చాడు. ఒకరోజు బస్తా దించి, "ఇక్కడెవరో ఉచ్చ పోశారు" అన్నాడట. అప్పటి ఆపరేటరు బుల్లయ్య వచ్చి చూస్తే ఎవరూ ఏమీ పొయ్యలేదు, పైన పైపు కీలు దగ్గర సన్నగా గ్యాసు కారుతోంది. బుల్లయ్య ఆ రోజే ఆయన్ని ఇంజను రూములోకి లాక్కున్నాడు. "గట్టిగా కారితే కుక్కకైనా తెలుస్తదిరా. పల్చగా ఉన్నప్పుడు పసిగట్టేవాడే ఆపరేటరు" అన్నాడట. ఈ కథ యలమంద నోట నేను పాతికసార్లు విన్నాను. ఆయన ముక్కు ఆయనకు పెద్ద ఆస్తి.

ముక్కొక్కటే కాదు, పద్ధతీ ఉండేది. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి భార్య కోటిరత్నం పాత చీర పేలిక ఒకటి డాబా మీద కమ్మీకి కట్టాడు. సీజను మొదటి రోజున కూలీలందర్నీ నిలబెట్టి పాఠం చెప్పేవాడు. గ్యాసొస్తే గాలితోపాటు పరిగెత్తొద్దు, అది మీకంటే ముందు పోతుంది, గాలికి అడ్డంగా పోండి. తువ్వాలు తడిపి ముక్కుకీ నోటికీ అడ్డం పెట్టుకోండి. కంట్లో పడితే నలపొద్దు, పదిహేను నిమిషాలు నీళ్ళ కింద పెట్టండి. మంచు పట్టిన పైపుల కింద కూర్చోవద్దు. వాళ్ళు తలలూపేవాళ్ళు. ఏప్రిల్ ఎండ ముదిరాక పోయి ఆ పైపుల కిందే కూర్చునేవాళ్ళు. వరండాలో చల్లగా ఉండే చోటు అదొక్కటే మరి. మొదట్లో కసిరి లేపేవాడు, తర్వాత తర్వాత మానేశాడు.

గ్యాసు కారితే కూసే పెట్టె ఒకటి కూడా ఉండేది, నా కాటా గది గోడకి. సీజనులో అది రోజుకి నాలుగుసార్లు కూసేది. నిజంగా కూసిందో, ఊరికే కూసిందో ఎవరూ తేల్చలేదు. "యలమంద ముక్కుండగా ఈ గోలెందుకయ్యా, పీకెయ్" అన్నారు మేనేజరు గారు. నేను ప్లగ్గు పీకేశాను. నాకూ హాయిగానే అనిపించింది. ఆ సంగతి దాచను.

ముక్కున్నంత కాలం పడిశం ఉంటుందంటారు. పడిశం ఏటా వచ్చేది, పోయేది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మాత్రం జ్వరం పోయింది గానీ ముక్కు తిరిగి రాలేదు. ముందు కనిపెట్టింది కోటిరత్నం. పొయ్యి మీద పప్పు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కనే పీట మీద కూర్చుని పేపరు చదువుతున్నాడట.

"ఆఫీసులో చెప్పు" అందావిడ.

"ముక్కు లేని ఆపరేటర్ని ఎవడుంచుకుంటాడే?"

"గ్యాసుతో పని. చెప్పకపోతే ఎట్లా?"

"నేను చూసుకుంటాలే."

చూసుకున్నాడు కూడా. బజారుకెళ్ళి గంధకం వత్తులు కొనుక్కొచ్చాడు. వెలిగించి పైపు కీళ్ళ దగ్గర పెడితే, గ్యాసు కారే చోట తెల్లగా పొగ చిక్కబడుతుంది. బుల్లయ్య నేర్పిన పాత పద్ధతే. మేమెవరం రాకముందే, తెల్లారేసరికి వచ్చి, ప్రతి కీలూ ప్రతి వాల్వూ వత్తితో చూసి, మిగిలిన ముక్కలు జేబులో వేసుకునేవాడు. తర్వాత మేమొచ్చాక గాలిలోకి ముక్కెత్తి రెండుసార్లు పీల్చి, "మూడో నెంబరు దగ్గర కొంచెం వదులుంది, బిగించాలి" అనేవాడు. మేం ముక్కున వేలేసుకునేవాళ్ళం. మూడేళ్ళు అలా గడిచాయి. నిజం చెప్పాలంటే, ముక్కున్న రోజుల్లో కంటే ఆ మూడేళ్ళే మా స్టోరేజీ భద్రంగా ఉంది. పొద్దున్నే వెళ్ళి మేనేజరు ముందు ఆ వత్తి పెట్టి, ఇకనుంచి ఇదే నా ముక్కు అంటే సరిపోయేది. అనలేదు.

నిరుడు ఏప్రిల్లో ఆ రోజు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు. సరుకు చూడ్డానికి ఎగుమతి కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళకు మేనేజరు గారు స్టోరేజీ తిప్పి చూపిస్తున్నారు. వరండాలో ఎనిమిది మంది ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళ ముఠాకి పెద్ద ఎలీసమ్మ. ప్రత్తిపాడు దగ్గర పల్లె నుంచి పదిహేనేళ్ళుగా ఆటోలో వచ్చి పోతున్న మనిషి. కాయని వేళ్ళతో ముట్టుకుని తాలో కాదో చెప్పేది. ఆవిడ లేచి మా దగ్గరికొచ్చింది.

"యలమందన్నా, ఘాటుగా ఉంది. మిర్చి ఘాటులాగా లేదు. ఒకసారి చూడు."

యలమంద వెళ్ళి పైపు కింద నిలబడ్డాడు. చీటీల పుస్తకం పట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను. నాకు ఘాటు తెలిసింది. కానీ సీజనులో మా కళ్ళూ గొంతులూ ఎప్పుడూ మండుతూనే ఉంటాయి, ఏ ఘాటు ఏదో నాకేం తెలుస్తుంది? మేనేజరు గారు అతిథులతో, "ఇదిగో, మా మెషీను ఈయనే. ముక్కుతో చెప్పేస్తాడు" అన్నారు. అందరూ ఆగి చూస్తున్నారు.

యలమంద కుడిచెయ్యి జేబులో ఉంది. ఆ జేబులో వత్తులున్నాయని నాకప్పుడు తెలియదు. ఆయన తలెత్తి మూడుసార్లు పీల్చాడు. చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"మిర్చి ఘాటే" అన్నాడు. "తేజా రకం కాయ గదా, అట్లాగే ఉంటది. కూర్చోండి."

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అని ఎలీసమ్మ వెళ్ళి తన చోట్లో కూర్చుంది. అందరికంటే సీనియరు కాబట్టి సరిగ్గా పైపు కింద చోటు ఆవిడదే.

అతిథులు వెళ్ళగానే వత్తి వెలిగించి చూద్దామనుకున్నాడట. వాళ్ళు వెళ్ళలేదు. అరగంటలో ఆ పైపు కీలు దగ్గర గాస్కెట్ ఊడింది. పెద్ద చప్పుడేం రాలేదు. కుక్కర్ విజిల్ లాంటిది వచ్చింది, అది ఆగలేదు. వరండా తెల్లబడింది.

ఆ తర్వాత యలమంద చేసినదాంట్లో ఒక్క తప్పు కూడా లేదు. డాబా మీది పేలిక చూశాడు. "గేటు వైపు కాదు, కాటా వైపు రండి, అడ్డంగా" అని అరిచాడు. మాస్కు తగిలించుకుని, ఇంజను రూములో మెయిన్ వాల్వు కట్టేశాడు. ఏడుగురు బయటికొచ్చారు. లెక్క చూసి మళ్ళీ లోపలికెళ్ళి ఎలీసమ్మని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. పొద్దుట్నుంచీ మిరపకాయల్లో ఉన్న చేతులతోనే ఆవిడ కళ్ళు నలుపుకుంటోంది. ఆయన ఆ మణికట్లు పట్టుకుని, ముఖం కుళాయి కింద పెట్టి, రెప్పలు వేళ్ళతో తెరిచాడు.

"ప్రేమ్‌చందూ, పదిహేను నిమిషాలు. టైము చూడు" అన్నాడు.

నేను సెల్లు చూస్తూ నిలబడ్డాను. నాలుగో నిమిషంలో ఆవిడ, "ఇక చాలన్నా, చచ్చిపోతా, వదిలెయ్" అంది. ఆయన వదల్లేదు. తొమ్మిదో నిమిషంలో ఆవిడ అడగడం మానేసింది. పదిహేనూ అయ్యాకే అంబులెన్సు ఎక్కించనిచ్చాడు.

ఎలీసమ్మకి ఒక కన్ను పోయింది. రెండోదాంట్లో నీడలు మిగిలాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. వెంటనే అలా కడక్కపోతే ఆ నీడలు కూడా మిగిలేవి కాదన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని మేనేజరు గారు యలమందకి శాలువా కప్పారు. పేపర్లో ఫోటో పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కూసే పెట్టెలు కొత్తవి రెండు తెచ్చారు. విచారణకి వచ్చిన ఆఫీసరు అందర్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు: కూలీలు అమ్మోనియా ఘాటును మిర్చి ఘాటుగా పొరబడ్డారు. సాక్షిగా నేను సంతకం పెట్టాను. యలమంద కూడా పెట్టాడు. పెట్టి, పెన్ను మూత పెట్టి, ఆఫీసరుకి తిరిగిచ్చాడు.

తర్వాత మూడు నెలలు ఆయన మామూలుగా డ్యూటీకి వచ్చాడు, మామూలుగా కారియర్ విప్పి తిన్నాడు. శాలువా మడత కూడా విప్పలేదని కోటిరత్నం పిన్ని చెప్పింది. ముక్కు సంగతి కూడా అప్పుడే ఆవిడ నాకు చెప్పింది, ఎవరితో చెప్పుకోవాలో తెలియక. విన్నాక నాకు కోపం రావాలి. రాలేదు. ప్లగ్గు పీకినవాడికి కోపం ఎక్కడినుంచి వస్తుంది? ఏడుపు కూడా రాలేదు. వేసవంతా నేనూ చీటీలు రాస్తూనే ఉన్నాను.

జూలైలో ఒక ఆదివారం, "నన్ను ఎలీసమ్మ ఇంటికి తీసుకుపోరా" అన్నాడు. బండి మీద వెళ్ళాం. రేకుల ఇల్లు. కోడలు క్రిస్టీనా చర్చి నుంచి ఇంకా రాలేదు. ఎలీసమ్మ ఆయన గొంతు గుర్తుపట్టి సంతోషించింది. వద్దన్నా వినకుండా గోడ తడుముకుంటూ వెళ్ళి, సన్నమంట మీద టీకి పాలు పెట్టింది. పొయ్యి పక్కనున్న పీట మీద ఆయన్ని కూర్చోమంది. పొయ్యి ఆయన వీపు వైపు ఉంది. ఆవిడ గుమ్మం దగ్గర నులకమంచం మీద కూర్చుంది. నేను గడప మీద.

"నీ చేతుల వల్లే అన్నా, ఈ మాత్రం వెలుతురు" అంది. "ఆదివారం ఆదివారం నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నా. అప్పుడు నిన్ను తిట్టుకున్నా, నీళ్ళ కింద. క్షమించు."

ఆయన నేలకేసి చూస్తున్నాడు. ఏదో చెప్పడానికే వచ్చాడు. ఆవిడ మనవరాలి చదువు గురించి, దగ్గు మందు గురించి చెబుతూ పోయింది. పాలు అడుగంటుతున్న వాసన నాకు గడప దాకా వచ్చింది. నేను లేవబోయేలోపు ఆవిడే అంది.

"అన్నా, పాలు మాడుతున్నట్టున్నాయి. కాస్త పొయ్యి కట్టెయ్."

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి కట్టేశాడు. ఆవిడ ముఖం ఆయన వైపు తిప్పింది.

"నీ పక్కనేగా. నీకు వాసన రాలా?"

పరధ్యానంలో ఉన్నాను అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది. ఆయన అలా అనలేదు.

"నాకు వాసన రాదు ఎలీసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"కరోనా వచ్చినప్పట్నుంచి. మూడేళ్ళు దాటింది."

ఆవిడ మంచం మీద ముందుకి జరిగింది.

"మరి ఆ రోజు మూడుసార్లు పీల్చావే."

"పీల్చాను."

"ఏం తెలిసింది?"

"ఏం తెలీలా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ చీర కొంగుతో ఆ మిగిలిన కన్ను మెల్లగా అద్దుకుంది. నలపకూడదని ఆయనే కదా నేర్పింది.

"తెలీదు అని ఒక్క మాట అనాల్సిందన్నా" అంది. "లేచి అవతల కూర్చునేదాన్ని."

ఆ మాడిన పాలు నేనే బయట పారబోసి, గిన్నెలో నీళ్ళు పోసి పెట్టాను. సోమవారం పొద్దున ఆయన మేనేజరు గదిలోకి వెళ్ళి, ముక్కు సంగతి చెప్పి, జేబులోని వత్తులు తీసి బల్ల మీద పెట్టాడు.