డిక్షనరీకి దిష్టి తీసిన రోజు

కువైట్‌లో ఒక వీధి వీధంతా మూతికి తడి తువ్వాళ్ళు కట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తిందంటే, అది ఇరాక్ సైన్యం చేసిన పని కాదు. నేను చేసిన పని. టీ చల్లారకముందే చెప్పేస్తా, వినండి.

అప్పుడు నేను అహ్మదీ వైపు ఒక కువైటీ ఇంట్లో వంటమనిషిని. ఇంటావిడను అందరిలాగే మామా అనేదాన్ని. ఆమె కూతురు నూరా కాలేజీలో ఇంగ్లీషు చదివేది. సెలవుల్లో తోచక, దిండంత డిక్షనరీ వంటింట్లోకి తెచ్చుకుని నాకు వింత వింత మాటలు నేర్పించేది. ఒక సాయంత్రం యామ్‌జేస్ అనే మాట తీసింది. రాసేటప్పుడు మధ్యలో ఒక ‘బి’ ఉంటుందట, పలికేటప్పుడు ఉండదట. ఆ ‘బి’ ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు.

సగం అరబీలో, సగం సైగలతో దాని కథ చెప్పింది. పుట్టింది లాటిన్‌లో. ఫ్రెంచివాళ్ళ జూదంలో తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. రెండు పాచికలు వేస్తే రెండింటి మీదా ఒక్కొక్క చుక్కే పడడం, అంతకంటే తక్కువ ఇంకేదీ పడదు. పోనుపోను పాచికలను వదిలేసి, ఏ దురదృష్టానికైనా ఆ మాటే వాడారు. తర్వాత ఆ మాటనే వదిలేశారు.

నేను ఊరుకోవచ్చు కదా? నోటికి బాగుందని పదిసార్లు అన్నా. తెల్లారేసరికి ఊళ్ళో ఇరాక్ ట్యాంకులు!

వందల ఏళ్ళుగా నిద్రపోతున్న మాటను నేను పనిగట్టుకుని లేపితే, మర్నాడే దేశం మునిగింది. మీరైతే ఏమనుకుంటారు? రేడియోలో చమురు అన్నారు, సరిహద్దు అన్నారు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు.

కొన్నాళ్ళకు మామా వాళ్ళు కారులో సరిహద్దు దగ్గరి వఫ్రా మీదుగా సౌదీకి వెళ్ళిపోదామనుకున్నారు. డ్రైవర్ బాషా మా రాయచోటివాడే. "పక్కింటోళ్ళు పనామెను వదిలేసి పోయినారంటక్కా" అని వాడు చెప్పాడు. నా పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. ఇదంతా నావల్లేనని తెలిస్తే నన్ను కారెక్కనిస్తారా? బయల్దేరేలోపు ఆ దోషం పోగొట్టాలి.

మనకు తెలిసిన మందు ఒకటే. డిక్షనరీని స్టూలు మీద కూర్చోబెట్టా. గుప్పెడు ఉప్పు, ఊరినుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు తీసుకుని ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పా. దేశమంత దిష్టి కదా, నాలుగు మిరపకాయలు ఏం సరిపోతాయని పావుకిలో వేశా. మామా సాంబ్రాణి పొగ వేసుకునే పాత్రలో నిప్పులుంటే అందులో దిమ్మరించా. ఏసీ గొట్టం సరిగ్గా నా నెత్తిమీదుందని చూసుకోలేదు.

అది పొగ మొత్తం లాగి గదిగదికీ పంచింది. మేడమీద మామా దగ్గు, నూరా కేక. "గాజ్! గాజ్!" విషవాయువు వదులుతారని అప్పటికే ఊరంతా పుకారు. మామా నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. మమ్మల్ని చూసి ఎదురింటివాళ్ళు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు రోడ్డు మీద పడ్డారు. నాకు దగ్గులో ఏడుపు, ఏడుపులో దగ్గు.

బాషా తలగుడ్డ తడిపి ముక్కుకు చుట్టుకుని లోపలికి వెళ్ళి, పొగపాత్ర పట్టుకొచ్చాడు.

"ఏం కాల్చినావక్కా?"

"దిష్టి తీసినా."

"ఎవురికి?"

"డిక్షనరీకి."

ఇక దాచలేక మామాకు మొత్తం చెప్పేశా. నన్ను వదిలెయ్యొద్దని కాళ్ళు పట్టుకోబోయా. ఆమె ఎర్రటి కళ్ళతో నన్నే చూసి, డిక్కీ తెరిచి చూపించింది. అందరికంటే ముందు నా సంచే సర్దిపెట్టి ఉంది. దాని మీద నా పాస్‌పోర్టు.

"యల్లా, ఎక్కు. నిన్ను ఇక్కడ వదిలితే తిరిగొచ్చేసరికి నా ఇల్లుండదు" అంది. నాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

వఫ్రా తోటలు దాటాక బాషా అద్దంలోంచి నన్ను చూశాడు. "అక్కా, దిష్టి ఉంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదు కదా?"

"రాదు."

"మరి ఇల్లంతా దగ్గె గదా!"

ఆలోచించా. నిజమే. ఆ మాటకు ఏ దోషమూ లేదు. ఆ రోజు మా వీధికి పట్టిన యామ్‌జేస్ నేనే.