రోగం పోయింది, బలం రావాలి

1971 వేసవిలో త్రినాథరావు క్షయ ఆసుపత్రి నుంచి పటాన్‌చెరులోని అద్దె ఇంటికి తిరిగొచ్చాడు. ఏడు నెలల తర్వాత గడప తొక్కిన భర్తను చూసి వీరలక్ష్మి సంతోషించలేకపోయింది, గాభరా పడింది. జబ్బు ఇక అంటదని సంగారెడ్డి డాక్టరు చెప్పి పంపాడు. అయినా కూతురు తండ్రి మంచం వైపు నడిస్తే చాలు, పొయ్యి మీది కూర వదిలేసి ఆపడానికి పరుగెత్తేది.

ఏడేళ్ల నాగరత్నం అది చూసి ఏదేదో ఊహించుకుంది. ఒకరోజు అడిగేసింది.

"నాన్నకు తగ్గిందన్నావుగా, మరి పగలంతా పండుకుంటడేంది? చచ్చిపోతడా?"

వీరలక్ష్మి కొట్టబోయింది. ఎత్తిన చెయ్యిని పక్కవాటా హుస్నా పట్టుకుంది. "నువ్వే గిట్ల పరేషాన్ అయితే పిల్లకేం సమజైతది అక్కా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

వీరలక్ష్మి చెయ్యి విడిపించుకుని పొయ్యి దగ్గరికి పోయింది. మంచం మీది నుంచి త్రినాథరావే అన్నాడు. "రోగం పోయిందమ్మా. బలం ఇంకా రావాలి. అది మెల్లగా వస్తుంది. రేపు నాతో నడువు, నీకే తెలుస్తుంది."

మర్నాటి నుంచి తండ్రీకూతుళ్లు సాయంత్రం రోడ్డు వెంట నడిచేవారు. మొదటిరోజు రెండు కరెంటు స్తంభాల దాకా, వారం తిరిగేసరికి అయిదింటి దాకా. వాళ్లు వచ్చేదాకా వీరలక్ష్మి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉండేది.

పదోరోజు పొద్దు వాలుతున్నా వాళ్లు రాలేదు. వీరలక్ష్మి చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తింది. ఇద్దరూ కల్వర్టు మీద కూర్చున్నారు. ఆయన ఆయాసపడుతున్నాడు. పిల్ల ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

"ఏమైంది? ఏమైందే?"

"ఏం కాలేదమ్మా. నాన్నకు దమ్ము రావాలె. వచ్చినంక లేస్తం."

అంత నిదానంగా చెప్పిన కూతురిని చూసి వీరలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె కూడా భర్త పక్కన కూర్చుంది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ముగ్గురూ కాసేపటికి లేచి ఇంటికి నడిచారు.

దసరా వెళ్లాక త్రినాథరావు మళ్లీ ఫ్యాక్టరీలో చేరాడు. ఇదివరకటిలా కొలిమి దగ్గర కాదు, స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. చలికాలంలో ఆయనకు మామూలు జలుబు చేస్తే వీరలక్ష్మి రెండుసార్లు సంగారెడ్డి తీసుకెళ్లింది. మూడోసారి బయల్దేరుతుంటే నాగరత్నం అడ్డొచ్చింది.

"నాన్నకు మళ్లీ వచ్చిందా?"

"లేదమ్మా. నాకే భయం. డాక్టరుగారు ఇంకోసారి చెబితే కుదుటపడతాను."

"అయితే నేనూ వస్త," అంటూ పిల్ల బస్సుకు తయారైంది.