‘మ్యాంగో’ మన కాయేనని నాచేత చెప్పించిన పిన్ని

నిన్న మధ్యాహ్నం కాలేజీ లైబ్రరీలో ఉండగా కబురు వచ్చింది. విమల పిన్ని ఇక లేదట.

"ఏ విమల పిన్ని?" అని అడిగాను.

నాకున్నది ఒక్క పిన్నే.

మన రాయపూర్ తెలుగు గ్రూప్‌లో నేనెప్పుడూ రాయలేదు. ఇవాళ రాయాలి.

మనలో చాలామందికి ఆవిడ రైల్వే ఆస్పత్రి నర్సు. ఇంజెక్షన్ గుచ్చే ముందు జోక్ వేసే నర్సు. నేను చెప్పేది మాత్రం మా స్కూల్లో జరిగిన సంగతి.

తొమ్మిదో తరగతి. కాన్వెంట్‌లో ఎలక్యూషన్ పోటీ. ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థం, పుట్టుక చెప్పాలి. అంతకుముందు రెండుసార్లు స్టేజ్ ఎక్కి, ఏమీ చెప్పకుండానే దిగిపోయాను. ఈసారీ అంతే అయితే ఎలక్యూషన్ టీమ్‌లో ఉంచనని టీచర్ ముందే చెప్పేశారు.

నా మాట ‘మ్యాంగో’.

డిక్షనరీ తీస్తే ఆశ్చర్యం. ఇంగ్లీషువాళ్లకు ఆ మాట పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చింది. వాళ్లు మన దక్షిణాది తీరంలో విన్నారు. మలయాళంలో మాంగ, తమిళంలో మాంగాయ్. ‘మా’ అంటే మామిడి. ‘గాయ్’ అసలు ‘కాయ్’, అంటే మన కాయే.

పిన్నికి చెబితే పగలబడి నవ్వింది.

"అంటే వాళ్లు పండు తింటూ కాయ అంటున్నారా? ఆవకాయ పెట్టడం రాకపోతే అంతే మరి."

ఆ ముక్కా స్పీచ్‌లో పెట్టమంది. పెట్టాను.

పోటీ రోజు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ముందు వరసలో ఎవరో "మద్రాసీ సో గయీ" అన్నారు, మద్రాసీ పిల్ల నిద్రపోయిందని. నవ్వులు. నన్ను దిగిపొమ్మనడానికి టీచర్ చెయ్యి బెల్ మీదకు వెళ్లింది.

అప్పుడు హాలు చివర పిన్ని లేచి నిలబడింది. డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చేసింది.

"ఒసేయ్, వాళ్లకి కాయేదో పండేదో తెలీదు. నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారే? బోల్ నా."

ఆ తెలుగు అర్థమైంది హాల్లో నా ఒక్కదానికే. అందరూ వెనక్కి తిరిగి ఆవిడనే చూస్తున్నారు. నన్ను చూసేవాళ్లే లేరు. నాకు నవ్వొచ్చింది.

నవ్వుతూనే మొదలుపెట్టాను.

పండుని కాయ అంటున్నారన్న చోట హాలంతా నవ్వింది. ఈసారి నన్ను చూసి కాదు, నా మాటకి.

ఫస్ట్ ప్రైజ్ నాదే.

ఆ కప్పు పట్టుకుని పిన్ని వార్డంతా తిరిగింది. కాలికి కట్టుతో పడుకున్న, ధర్సీవా ఊరి నుంచి వచ్చిన తాత చేత కూడా చప్పట్లు కొట్టించింది.

ఇవాళ పొద్దున చర్చిలో పిన్ని గురించి ఎవరు మాట్లాడతారని పాస్టర్‌గారు అడిగితే, అందరికంటే ముందు లేచాను. కాగితం లేకుండా మాట్లాడాను. చివరి వరసకి కూడా వినిపించిందని అమ్మ చెప్పింది.

నీ నైట్ డ్యూటీలన్నీ అయిపోయాయి పిన్నీ. ప్రభువు దగ్గర ఇక కంటినిండా నిద్రపో.