తెల్లగోడ మీద తెల్లక్షరాలు

మీరు మాట్లాడిన వీడియోను శబ్దం పూర్తిగా తీసేసి ఒక్కసారైనా చూశారా? నేను చూడలేదు. ఏళ్ల తరబడి వేదికలెక్కి, ఈమధ్య ఫోన్లలోకి కూడా ఎక్కి, దేన్నీ పరీక్షించకుండా నమ్మకండి అని ఊరందరికీ చెప్పిన నేను, నా మాట నా ఇంటి మనిషికి చేరుతోందో లేదో మాత్రం పరీక్షించుకోలేదు.

పోయిన నెల తిరుచానూరులో మా అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆమె ఫోనులో నా ప్రసంగమే చూస్తోంది. అక్కకు తొమ్మిదో ఏట చెవులు పోయాయి. అప్పటికే వచ్చిన మాట మిగిలింది, నాయన పక్కన కూర్చోబెట్టి నేర్పిన చదువు మిగిలింది. పెదవుల కదలిక చూసి ఎవరి మాటైనా సగం పట్టేస్తుంది గాని, నా మీసం అడ్డం కాబట్టి నేను మాత్రం కాగితం మీద రాసి చూపించాల్సిందే. వీడియోలకు కింద అక్షరాలు వేయిస్తున్నాం కదా, ఇక ఆ కొరత తీరిందనుకున్నాను. ప్రతి వీడియోకూ ఆమె తల ఊపేది, నేను పొంగిపోయేవాణ్ణి. ఆ రోజు పక్కన కూర్చుని తొంగి చూస్తే వెనుక సున్నం కొట్టిన గోడ, నా ఒంటి మీద తెల్లచొక్కా, ఆ రెంటి మీదా తెల్లక్షరాలు! కళ్ళజోడు ఎంత సర్దుకున్నా నాకే ఒక్క వాక్యం అందలేదు. చదవకుండానే ఇన్నాళ్ళూ తల ఊపావా అని రాసి అడిగితే, "నువ్వు సేతులు తిప్పతా మాట్లాడతా ఉంటే సూడను బాగుంటాది లేరా అబ్బోడా" అని నవ్వింది.

ఆ నవ్వుకు నాకు మేం పెరిగిన పుత్తూరు గోడలు గుర్తొచ్చాయి. మా చిన్నాయన గోడల మీద ప్రకటనలు రాసేవాడు. ఎంత తొందర పని అయినా, ముందు చాపంత మేర సున్నం పట్టీ కొట్టి, అది ఆరేదాకా బీడీ కాలుస్తూ కూర్చుని, ఆ తర్వాతే నీలం రంగులో కుంచె ముంచేవాడు. నేనూ నా స్నేహితులూ తాయెత్తుల మీద చర్చాసభ పెట్టినప్పుడు ఆ ఓపిక మాకు లేకపోయింది. పాత సిమెంటు ప్రకటన చెరిగీ చెరగని గోడ మీద నేరుగా రాసేశాం. సభకు వచ్చినవాళ్ళు ఆరుగురు, అందులో నలుగురం మేమే. చిన్నాయన గోడ ముందు నిలబడి, "ఏమప్పా పెద్దమనిషీ, సభ పెట్టింది మనుషులకా, గోడకా? పట్టీ కొట్టను తీరిక లేనోడికి మాట సెప్పను తీరిక యాడుంటాది?" అన్నాడు. మర్నాడు పట్టీ కొట్టి, మళ్ళీ సభ పెడుతున్నామని రాశాను. సున్నం కుండ పట్టుకున్నది అక్కే. రాయడం అయ్యాక రోడ్డు అవతలికి వెళ్ళి, తన గొంతు తనకు వినిపించదు కాబట్టి వీధంతా అదిరేలా, ప్రతి అక్షరం చదివింది. ఆ తర్వాత అక్క అవతలి నుంచి చదివితే తప్ప ఏ గోడ రాతనూ మేం పూర్తయిందనుకోలేదు. అంత మంచి పరీక్ష ఇంట్లో ఉండగా, గోడ పోయి ఫోను వచ్చేసరికి నేను మరిచిపోయాను.

వీడియోలు తయారుచేసేది అక్క కొడుకే. అక్షరాల వెనుక నల్లపట్టీ వేయమంటే వాడికి నచ్చలేదు. "మొఖానికి ప్లాస్టరేసినట్టుంటాది మామా, అందమంతా సెడిపోతాది" అన్నాడు. నేను పట్టు వదల్లేదు. వెనుక దృశ్యం లీలగా కనబడేంత పలుచన చేయడానికి ఒప్పుకున్నాను గాని, పట్టీ లేకుండా ఒక్క వీడియో కూడా బయటికి పోకూడదన్నాను. వాడు గొణుక్కుంటూనే, పాత తాయెత్తుల ప్రసంగానికి పట్టీ వేసి అక్క చేతిలో పెట్టాడు.

అక్క మునుపటిలాగే వీధికి వినిపించేలా చదవడం మొదలుపెట్టింది. నేను ఎన్నో సభల్లో చెప్పిన కథ అది: చెవిలో చీము కారుతుంటే మా అమ్మ తాయెత్తు కట్టి ఊరుకుందనీ, ఆ మూఢనమ్మకమే మా అక్క వినికిడిని మింగిందనీ. అక్క గొంతు ఆగింది. ఈసారి తల ఊపలేదు.

"ఎవురు సెప్పినారురా నీకు? తాయెత్తు కట్టింది అవ్వ. అమ్మ నన్ను ఈపునేసుకోని మూడుతూర్లు ఆసుపత్రికి నడిసింది. డాక్టరు లేడు పొమ్మన్నారు. అప్పుటికి నువ్వు పాలు తాగే బిడ్డవి, నీకేం తెలుసు?"

అక్క చేతికున్న తాయెత్తు చూసి పెరిగిన నేను, కట్టింది ఎవరని ఏనాడూ అడగలేదు. ఉన్న ఒక్క సాక్షినీ విచారించకుండా తీర్పు చెప్పి, చనిపోయిన అమ్మను ఊరూరా దోషిని చేశాను. అమ్మను వెనక్కి పంపిన ఆ ఆసుపత్రిని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ వారమే తప్పు ఒప్పుకుంటూ కొత్త వీడియో చేశాను, కింద నల్లపట్టీతో. బయటికి పంపేముందు అక్క చదివింది.

మన కాలంలో గోడ రాత బాగాలేకపోతే దారినపోయేవాడు నిలబడి తిట్టేవాడు. ఇప్పుడు అర్థం కానివాళ్ళు మౌనంగా వేలితో పక్కకు తోసేస్తారు, లేదా ప్రేమకొద్దీ తల ఊపుతారు, ఆ తల ఊపడాన్నే మనం ఒప్పుదల అనుకుంటాం. నా తరం వాళ్ళారా, ఈరోజే మీ వీడియో శబ్దం ఆపి చూడండి. అక్షరాల వెనుక పట్టీ వేయండి. వేశాక, వినలేని మనిషి చేతిలో పెట్టి, వాళ్ళు ఏమంటారో కూర్చుని వినండి.